మీగడ మీద నడక

లేహ్ నుంచి శ్రీనగర్ రోడ్డు పట్టుకుని పడమరగా 35 కిలోమీటర్లు పోతే నిమ్ము వస్తుంది. బండి ఆపి రోడ్డు అంచు నుంచి కిందికి చూస్తే సింధు, జన్స్కార్ నదులు కలిసే చోటు కనిపిస్తుంది. కలిశాక పేరు సింధుదే మిగిలింది కానీ, నీళ్ల లెక్క చూస్తే జన్స్కార్‌దే పైచేయి. జనవరిలో ఇక్కడ ఆగే యాత్రికుల్లో చాలామంది చాదర్ నడక కోసం వచ్చినవాళ్లే. చాదర్ అంటే దుప్పటి. శీతకాలంలో జన్స్కార్ మీద పరుచుకునే మంచు పలకకి ఆ పేరు. మొదటి నిరాశ వాళ్లకి ఈ సంగమం దగ్గరే ఎదురవుతుంది. రాత్రి చలి సున్నాకి 20 డిగ్రీలు దిగువకి పోయింది, కుళాయిలు బిగుసుకుపోయాయి, సీసాలో నీళ్లు రాయైపోయాయి, నది మాత్రం నడిమధ్యన పచ్చగా పారుతూనే ఉంది. ఒడ్డుల వెంట తెల్లటి అంచు కట్టింది, అంతే. ఈ ఏడు చలి సరిగా పట్టలేదేమోనన్న అనుమానం వస్తుంది. చలి బాగానే పట్టింది. తేడా ఉన్నది మన ఊహలో. ఒడ్డు నుంచి ఒడ్డుకి పలక పరుచుకున్న చోట కూడా దాని అడుగున జన్స్కార్ పారుతూనే ఉంటుంది. 'గడ్డకట్టిన నది' అనే మాటే ఈ ప్రయాణంలో అందరినీ తప్పుదారి పట్టిస్తోందని నా వాదన. చాదర్‌ని చలి ఒక్కటే కట్టదు. చలీ ప్రవాహమూ కలిసి కడతాయి, అందులో ప్రవాహానిది పెద్ద చెయ్యి. ఈ సంగతి మరిచిపోతే ఆ మంచు ఎక్కడ మోస్తుందో ఎక్కడ మోయదో తెలియదు, భూమి వేడెక్కుతుంటే దానికి ఏమవుతుందో తెలియదు, పక్కనే పడిన కొత్త రోడ్డు గురించి ఏమనుకోవాలో అసలే తెలియదు.

మన భాష ఇక్కడ కొంత ఇబ్బంది పెడుతుంది, కొంత ఆదుకుంటుంది. తెల్లవారుజామున గడ్డిని తడిపేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద దూదిలా రాలేదీ మంచే. లంబసింగిలో పాదరసం సున్నా దరిదాపులకి పోయిన రోజున కూడా మన వాగులేవీ ఆగలేదు కాబట్టి, పారే నీటి మీద కట్టే మంచుకి విడిగా ఒక పేరు పెట్టుకోవలసిన అవసరం తెలుగువాడికి కలగలేదు. ఆదుకునేది వంటింటి మాట. సన్నటి సెగ మీద పాలగిన్నె పెడితే మీగడ ముందు గిన్నె అంచుకి పడుతుంది. నడుమకి చివర చేరుతుంది. పైన మీగడ కదలకుండా ఉన్నా కింద పాలు కదులుతూనే ఉంటాయి. ఒక పొంగు వస్తే చిరుగుతుంది, పొంగు తగ్గితే చిరిగిన చోటే మళ్లీ కడుతుంది. వేడికి కట్టేదాన్ని చలికి కట్టేదానితో పోల్చడం విడ్డూరమే అయినా, చాదర్ కట్టే వరస అచ్చం ఇదే. ఇంకో చిత్రం: తెలుగులో గడ్డ అంటే ఒడ్డు కూడా. నది మీద మంచు మొదట పుట్టేది ఒడ్డును అంటుకునే.

చెరువు సంగతి వేరు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడ్డ నీరు తేలికై పైనే నిలిచిపోతుంది, పై పొర గడ్డకడుతుంది, ఆ మంచు కిందికి మందం పెరుగుతుంది. పెరిగేకొద్దీ తానే కంబళి అయి కింది నీటిని చలి నుంచి కాపాడుతుంది. అందుకే నిలకడ నీటి మీద మంచు రెండింతలు మందం కావాలంటే నాలుగింతల చలి పోగుపడాలని ఆస్ట్రియా భౌతికశాస్త్రవేత్త యోజెఫ్ స్టెఫాన్ 19వ శతాబ్దం చివర్లో లెక్క తేల్చాడు. థర్మామీటరూ కాలెండరూ చేతిలో ఉంటే చెరువు మంచు మందం ఇంచుమించుగా చెప్పేయొచ్చు. నదికి ఈ లెక్క నప్పదు. సుడులు తిరిగే నీటిలో పై పొర, కింది పొర అనే తేడా ఉండదు; పైనుంచి అడుగుదాకా మొత్తం నీరు సున్నాకి దిగాలి. దిగాక కూడా ఊరికే గడ్డకట్టదు. ఒక కిలో నీరు మంచు కావాలంటే, అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి పట్టేంత వేడిని బయటికి వదులుకోవాలి. ఆ వేడి గాలిలోకి పోయే లోపు ఆ నీరు ఇంకో మలుపు దాటిపోతుంది.

చలి ఒక్కటే చాలదనడానికి లండన్ మంచి సాక్ష్యం. థేమ్స్ నది మీద అంగళ్లు పెట్టి తిరునాళ్లు జరుపుకున్న చివరి శీతకాలం 1814. ఆ తర్వాత లండన్‌లో చలి పూర్తిగా తగ్గిపోయిందని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే. కానీ 1831లో పాత లండన్ వంతెనని పడగొట్టారు. దాని ఇరుకు కమానులు అడ్డుకట్టలా నీటిని నిదానింపజేసేవి, తేలివచ్చే మంచు తునకలని పట్టి ఆపేవి. వంతెన పోయాక, ఇరువైపులా కరకట్టలు కట్టి నదిని ఇరుకు చేశాక, నీటి పరుగు పెరిగింది. 1963 నాటి చలి ఇంగ్లండులో 1740 తర్వాత ఎన్నడూ లేనంత చలి. ఎగువన ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ మీద కారు నడిపారు. లండన్ నడిబొడ్డున మాత్రం నది గడ్డకట్టలేదు. కార్ఖానాలు వదిలే వెచ్చని నీళ్ల పాత్రా అందులో ఉంది, కాదనను. అయినా అదే నది, అదే శీతకాలం. ఎక్కడ నడవొచ్చో తేల్చింది నీటి పరుగు.

నిమ్ము దగ్గర సింధుని వదిలి జన్స్కార్ వెంట ఎగువకి తిరిగితే, రాగి, ఇత్తడి పనివాళ్లకి పేరుపడ్డ చిలింగ్ దాటాక లోయ బిగుసుకుంటుంది. వందల మీటర్ల నిట్టనిలువు గోడల మధ్య ఎండ పగలు కాసేపే పడుతుంది; కొన్ని వంపుల్లో పడనే పడదు. తెల్లవారుజామున ఇక్కడ నీటి అంచున వంగి చూస్తే అసలు పని కనిపిస్తుంది. నీటి నిండా నానిన సగ్గుబియ్యంలాంటి పలుకులు, కాస్త పలచగా, బిళ్లల్లా, గుంపులుగా కొట్టుకుపోతుంటాయి. నీరు సున్నాకి డిగ్రీలో నూరో వంతు, రెండు నూరో వంతులు దిగువకి పోయినప్పుడు సుడుల్లోనే ఇవి పుడతాయి. శాస్త్రం వీటిని ఫ్రాజిల్ అంటుంది. బొగ్గు నలుసులకి ఫ్రెంచిలో ఉన్న మాటను కెనడా ఫ్రెంచివాళ్లు ఇలా నదికి తెచ్చిపెట్టారు. పుట్టిన క్షణాన ఈ పలుకులకి జిగురు గుణం ఉంటుంది. ఒకదానికొకటి అంటుకుని ముద్దలై తేలతాయి, ముద్దలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుండ్రబడతాయి, ఒరిపిడికి అంచులు పైకి లేచి ఊతప్పాల్లా తయారవుతాయి. నది మలుపు తిరిగేచోటో, బండల నడుమ ఇరుకైనచోటో ఈ ఊతప్పాలు ఇరుక్కుంటాయి. వెనక వచ్చేవి వాటి మీదికి ఎక్కుతాయి. రాత్రి చలికి సందులన్నీ అతుక్కుని పలక అవుతుంది. ఒడ్డున పుట్టిన అంచు పలక, నడిమధ్యన ఇరుక్కున్న ఈ తేలుడు పలక కలిస్తే అది చాదర్. ఏ అర కిలోమీటరులోనూ దాని పుట్టుక ఒకే తీరుగా ఉండదు. కొన్నిచోట్ల అద్దంలా ఉండి అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. పది అడుగుల అవతల పాలరాయిలా తెల్లగా, లోపల గాలి బుడగలతో ఉంటుంది. తెల్ల మంచు బలం గాజు మంచులో సగమేనని చలిదేశాల్లో లెక్క.

జిగురు పలుకులు అన్నీ పైకి తేలవు. కొన్ని నది అడుగున రాళ్లకి అంటుకుని అక్కడే పెరుగుతాయి. తెల్లారేసరికి నది అడుగు మందమవుతుంది, నీటికి చోటు తగ్గి మట్టం పైకి లేస్తుంది. లేచిన నీరు పలక పగుళ్లలోంచి ఎగదన్ని మంచు మీదనే పారుతుంది. చాదర్ మీద పిక్కల్లోతు నీళ్లలో నడవవలసి రావడం అందుకే. నడిచేవాళ్లందరి కాళ్లకీ రబ్బరు గమ్‌బూట్లు ఉండటమూ అందుకే. పొద్దెక్కాక అడుగుమంచు పట్టు సడలి, కొన్నిసార్లు గులకరాళ్లతో సహా తేలిపోతుంది. మట్టం మళ్లీ దిగుతుంది. దిగినప్పుడే అసలు ప్రమాదం. నీళ్ల మీద తేలే పలకకి నీళ్లే ఆధారం. కాలు పెట్టినప్పుడు మన బరువులో ఎక్కువ పాలు కింది నీరే మోస్తుంది. నీరు దిగిపోతే పలక ఒడ్డును పట్టుకుని కిటికీ మీది సజ్జలా వేలాడుతుంది. మందం నిన్నటిదే, చలి నిన్నటికన్నా ఎక్కువే, బలం మాత్రం నిన్నటిది కాదు. పైకి ఎగదన్నిన నీరు రాత్రికి పేరుకుంటే పాత పలక మీద కొత్త పలక, రెంటి నడుమ నీటి పొర ఒకటి మిగిలిపోతుంది. కొత్తది పలుచన, కాలు దాన్ని చీల్చుకుని కింది పలక మీద ఆగుతుంది. ఆగితే అదృష్టం.

ఇంత రకరకాల మంచు మీద ముందు నడిచే జన్స్కారీ మనిషి చేతిలో ఉండేది ఒక కర్ర. అడుగు వేసేముందు కర్రతో తడతాడు. గట్టి శబ్దమా, డొల్ల శబ్దమా వింటాడు. రంగు చూస్తాడు, పగులు ఏ వైపు పోయిందో చూస్తాడు, నిన్నటి తడి గీత రాతి మీద ఎక్కడుందో చూస్తాడు. పాదం ఎత్తకుండా ఈడ్చి నడుస్తాడు. ఇదంతా అనుభవం పేరుతో చెప్పుకునే నమ్మకమే తప్ప కొలత కాదని, మరతో రంధ్రం వేసి మందం కొలిస్తే సరిపోతుందని అనేవాళ్లున్నారు. కొలతకి నేను వ్యతిరేకిని కాను. కానీ కొలిచేవాళ్లే ఏమంటున్నారో వినాలి. గాజు మంచు 10 సెంటీమీటర్లుంటే ఒక మనిషి నడవొచ్చన్న ప్రసిద్ధ సూత్రం నిలకడ నీటికే వర్తిస్తుందని, పారే నీటి మీద దాన్ని నమ్మవద్దని ఆ సూత్రం చెప్పేవాళ్లే హెచ్చరిస్తారు. కెనడాలో మంచు మీద లారీలు నడిపే దారుల్లో అక్కడొకటి ఇక్కడొకటి రంధ్రాలు వేసి ఊరుకోరు. మంచు లోపలికి చూసే రాడార్‌ని బండికి తగిలించి దారి పొడవునా లాక్కుపోతారు. ఒక చోటి కొలత పది అడుగుల అవతల చెల్లదని వాళ్లకి తెలుసు. కర్ర చేసే పనీ అదే, అడుగడుగునా అడగడం. రాడార్ మందాన్ని మరింత కచ్చితంగా చెబుతుంది, సందేహం లేదు. పలక కింద నీరు ఈ పొద్దున దిగిందా అన్నది మాత్రం కర్ర చివర మోతే ముందు చెబుతుంది.

నడకకి ముందు లేహ్‌లో ఎత్తుకి అలవాటు పడటానికి కొన్ని రోజులు ఆగాలి, వైద్య పరీక్ష దాటాలి, అనుమతి కాగితం తీసుకోవాలి. ఇవన్నీ అవసరమే. 3,500 మీటర్ల ఎత్తున గాలి పలుచన. అలవాటు లేని గుండె, ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. కానీ ఈ పరీక్షలన్నీ మనిషికి, మంచుకి కావు. హైదరాబాద్ నుంచి సెలవులు లెక్కపెట్టుకుని వచ్చే యువకుడికి కాగితం మీద తేదీ ఉంటుంది. నదికి తేదీలు లేవు. వారాల తరబడి స్థిరంగా ఉన్న మంచు కూడా దీనికి మినహాయింపు కాదు. నయాగరా జలపాతం కింద శీతకాలంలో మంచు వంతెన కట్టేది; జనం దాని మీద గుడిసెలు వేసి టీ, మద్యం అమ్మేవారు, సకుటుంబంగా షికారుకొచ్చేవారు. 1912 ఫిబ్రవరి 4న ఆ వంతెన కదిలి విడిపోయింది. ముగ్గురు కొట్టుకుపోయారు. ఆ తర్వాత దాని మీదికి ఎవరినీ పోనివ్వలేదు. ఆ రోజుల్లో అక్కడ చలికేం కొదవ లేదు.

ఈ సంగతి జన్స్కార్‌లోనే ఇంకా తేటగా కనిపించిన సందర్భం 2015. అంతకుముందు డిసెంబరు 31న, ఫుక్తాల్ బౌద్ధ మఠానికి ఎగువన కొండచరియ విరిగి నదికి అడ్డంగా పడింది. వెనక చెరువు పెరగసాగింది. జన్స్కార్‌లో ముఖ్య పట్టణమైన పదుమ్ దగ్గర రెండు పాయలు కలిసి జన్స్కార్ నది అవుతుంది; ఒకటి స్తోద్, రెండోది ఈ అడ్డుపడిన నది. ఆ శీతకాలం చాదర్ నడకని ఆపేశారు. కింద లోయలో చలి ఎప్పటిలాగే ఉంది, మంచు ఎప్పటిలాగే కట్టింది, కానీ దాని కింద నీటికి ఎగువన తాళం పడింది, ఆ తాళం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. మే 7న ఊడింది. వరద దారిలోని వంతెనలని ఊడ్చేసింది. చాదర్ బాగోగులు దాని మీద నిలబడి చూస్తే తెలియవనడానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంతా ప్రవాహమే అయితే భూమి వేడెక్కడం గురించి దిగులెందుకు? చాదర్ కాలం తగ్గిపోతోందని, ఒకప్పుడు నెలలు నిలిచేది ఇప్పుడు వారాలే నిలుస్తోందని జన్స్కారీలు అంటూనే ఉన్నారు కదా? చలి పని లేదని నేననలేదు. పాలు లేకుండా మీగడ లేనట్టే చలి లేకుండా చాదర్ లేదు. నా మాటల్లా, వేడెక్కడం అంటే పాదరసం రెండు గీతలు పైకి పోవడం ఒక్కటే కాదని. రాత్రి మబ్బు పడితే లోయ వేడి ఆకాశంలోకి పోదు. మంచు మీద కొత్త హిమం కురిస్తే దాని గుండా వేడి బయటికి పోయే తీరు గట్టి మంచులో పదో వంతు కూడా ఉండదు. చలి ఎంతున్నా పలక పెరగదు. పైగా ఆ హిమం బలహీనమైన చోట్లని కప్పేసి కర్రవాడి కళ్లకి గంతలు కడుతుంది. శీతకాలంలో జన్స్కార్ నీరు తక్కువగా, నిదానంగా ఉండటానికి కారణం కొండల మీద పడ్డది కొండల మీదే ఉండిపోవడం. మధ్యాహ్నాలు వెచ్చబడి అది కరిగి దిగడం మొదలైతే, సగటు చలి అంతే ఉన్నా మట్టం రోజుకోసారి ఊగుతుంది, పలక రోజుకోసారి పగులుతుంది. కాబట్టి పాదరసం పట్టికలు చూసి 'ఇంకా చలి ఉందిగా' అని ఊరట చెందేవాళ్లూ పొరబడుతున్నారు, 'చలి తగ్గింది, చాదర్ పోయినట్టే' అని తేల్చేవాళ్లూ పొరబడుతున్నారు.

రోడ్డు సంగతి. చిలింగ్ దాకా ఉన్న రోడ్డు ఏడాదికి కొంత చొప్పున లోయలోకి పాకుతూ వచ్చింది. నడక మొదలయ్యే చోటు కూడా దానితోపాటే చిలింగ్ నుంచి తిలత్ సుమ్దోకి, అక్కడినుంచి షింగ్రా కోమాకి జరిగింది. 2024 మార్చిలో నిమ్ము, పదుమ్, హిమాచల్‌లోని దార్చా రోడ్డుతో కలిశాయి. మొత్తం 298 కిలోమీటర్లు. అదే ఏడు జులై 26న ఈ దారిలోని షింకు లా సొరంగానికి తొలి పేలుడు జరిగింది. పెన్సీ లా కనుమ మీదుగా కార్గిల్ పోయే పాత దారి శీతకాలంలో మూతపడేది కాబట్టి, నెలల పాటు జన్స్కార్‌కి బయటి ప్రపంచంతో ఉన్న సంబంధం ఆ మంచు పలకే. దాని మీదే వెన్న లేహ్‌కి పోయింది, చదువులకి పిల్లలు పోయారు, రోగులని మోసుకుపోయారు. ఇప్పుడు యాత్రా కథనాల్లో రోడ్డు మీద ఏడుపు వినిపిస్తోంది: ఒక అపురూపమైన దారి పోతోందని, లోయ నిశ్శబ్దం చెడిందని. ఈ ఏడుపు నాకు మింగుడుపడదు. చాదర్ దారిలోని టిబ్ గుహలో ఒక రాత్రి నిప్పు చుట్టూ కూర్చోవడం మనకి సాహసం. నెప్పులు పడుతున్న ఇల్లాలిని స్లెడ్జి మీద లాక్కుపోవలసిన కుటుంబానికి అది గత్యంతరం లేకపోవడం. దారి లేనివాళ్లు నదిని దారి చేసుకున్నారు. దారి దొరికితే నదిని వదులుతారు. ఇందులో విచారించవలసింది ఏముంది?

అయినా ఒక నష్టం మాత్రం ఉంది, నిజాయితీగా ఒప్పుకోవాలి. మంచును చదివే విద్య అవసరం మీద బతికింది. తాత వెంట పదేళ్ల పిల్లవాడు పదుమ్ నుంచి నడిచినప్పుడు, ఏ వంపులో మొదట పలక కడుతుందో, ఏ ఊట దగ్గర ఎంత చలికీ కట్టదో అతని కాళ్లకి ఎక్కేది. యాత్రికులని నడిపించే పని ఆ విద్యని కొంత నిలబెడుతోంది. కానీ యాత్రికుల నడక నెరక్ దాకా పోయి వెనక్కి వస్తుంది. అవతలి సగం ఎవరూ రోజూ చదవని పుస్తకం అవుతోంది. ఇది రోడ్డు తప్పు కాదు. నడక వ్యాపారం అవతలి సగానికి పోకపోవడం కూడా నేరం కాదు. జరుగుతున్నది ఇది, అంతే.

నెరక్ దగ్గర అందరూ చూడటానికి పోయేది జలపాతాన్ని. కొండ మీంచి నది ఒడ్డుకి దూకే ఆ ధార జనవరిలో పైనుంచి కిందిదాకా బిగుసుకుపోయి, నీలి పచ్చ స్తంభాల గుత్తిలా నిలబడి ఉంటుంది. దాని కాళ్ల దగ్గరే జన్స్కార్ పారుతుంటుంది. నా వాదనకి ఇదే అడ్డం తిరుగుతుందని ఎవరైనా అనొచ్చు: దూకే నీరు గడ్డకట్టి, పారే నీరు గడ్డకట్టకపోతే, పరుగే మంచుకి శత్రువనడం ఎలా కుదురుతుంది? పరుగు ఒక్కదాన్నే చూస్తే కుదరదు. ఆ ధార సన్నది. రాతి మీద పలచని పొరగా జారుతుంది, తుంపరగా చిందుతుంది, అన్ని వైపుల నుంచీ చలిగాలి తగులుతుంది. చుక్క చుక్కకీ తన వేడిని వదులుకునే తీరిక ఉంది. నదిలో నీరు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటుంది. నీరు ఎంత, ఎంత లోతున, ఎంత సేపు గాలికి కనపడుతుంది అన్నవే లెక్కలోకి వస్తాయి. ప్రవాహం అన్నప్పుడు నేనన్నది ఇవన్నీ కలిపే. జలపాతం ముందు ఫొటోలు అయ్యాక గుంపు వెనుదిరుగుతుంది. కర్రవాడు మళ్లీ ముందుకి వస్తాడు. నిన్న సాయంత్రం ఇరవై మంది నడిచి వచ్చిన పలకే అది, గమ్‌బూట్ల గీతలు ఇంకా దాని మీద ఉన్నాయి. అతను ఆ గీతల మీదే కర్రతో తట్టి, ఒక క్షణం విని, పక్కకి చూపించి అందరినీ బండల మీదికి ఎక్కమంటాడు.